సిసిలీకి తొమ్మిది రోజుల బృందయాత్ర: ఒక ఉప్పు రైతు సమీక్ష

గడచిన మార్చి 16 నుంచి 24 వరకు నేనూ నా భార్యా మధ్యధరా సముద్రంలో ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో గడిపి వచ్చాము. ఈ యాత్రను ఏర్పాటు చేసినది నెల్లూరులోని ఒక పర్యటన సంస్థ. దాని యజమానులు మాకు ముఖపరిచయం ఉన్నవారే గనుక పేరు రాయడం లేదు. మనిషికి 2,70,000 రూపాయలు తీసుకున్నారు. చెన్నై నుంచి రానుపోను విమాన టికెట్లు, వీసా రుసుము, ఎనిమిది రాత్రుల బస, ద్వీపంలో బస్సు, ప్రవేశ రుసుములు, ఉదయం ఉపాహారం, రాత్రి భోజనం అందులోనే కలిసి ఉన్నాయి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి మొత్తం ఇరవై నలుగురం బయలుదేరాము.

సమీక్షకుడి సంగతి కూడా ముందే చెప్పడం న్యాయం. మా కుటుంబానిది అల్లూరు మండలం ఇస్కపల్లి వైపు తరతరాలుగా ఉప్పు సాగు. సంస్థవారి కరపత్రంలో త్రాపానీ ఉప్పు మడుల ఫొటో చూసే నేను డబ్బు కట్టాను. కాబట్టి గుడులనూ చర్చిలనూ చూసిన కళ్లతో కాక, పని జరుగుతున్న చోట నిలబడి చూసే అలవాటున్న కళ్లతో ఈ యాత్రను తూచాను. కరపత్రం మీద రెండు మాటలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి: ప్రాచీన వారసత్వం, సజీవ సంప్రదాయాలు. మొదటి మాటను సంస్థ దాదాపు పూర్తిగా నిలబెట్టుకున్నది. రెండవదానిలో సగం మేమే వెతుక్కోవలసి వచ్చింది.

సిసిలీ మధ్యధరా సముద్రంలోని ద్వీపాలన్నిటిలోకీ పెద్దది. వైశాల్యం సుమారు 25,700 చదరపు కిలోమీటర్లు. పునర్విభజనకు ముందున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపితే 30,700 పైచిలుకు వస్తుంది. అంటే తడ నుంచి చీరాల దాకా ఉన్న మన నేల కంటె చిన్నదైన ఆ ద్వీపంలో ఫినీషియన్లు, గ్రీకులు, రోమన్లు, బైజాంటియం వారు, అరబ్బులు, నార్మన్లు, స్పెయిన్ వారు ఒకరి తరువాత ఒకరు పాలించి, ఎవరి గుర్తులు వారు వదిలి వెళ్లారు. తొమ్మిది రోజులు చాలవు గాని, బస్సు ప్రయాణాలు మూడు గంటలు దాటకుండా సర్దవచ్చు. ఆ సర్దుబాటును సంస్థవారు బాగా చేశారు. పలెర్మోలో మూడు రాత్రులు, త్రాపానీలో ఒకటి, అగ్రిజెంతోలో ఒకటి, సిరకూసాలో రెండు, కతానియాలో ఒకటి. డెబ్భై ఏళ్లు దాటినవారు నలుగురు ఉన్నా ఎవరూ నీరసపడలేదు.

పలెర్మోలో మొదటి రోజు నార్మన్ రాజభవనంలోని పాలటైన్ ప్రార్థనామందిరానికి తీసుకువెళ్లారు. 1130లో సిసిలీ రాజుగా పట్టాభిషేకం పొందిన రెండవ రోజర్ దీనిని కట్టించాడు. గోడల నిండా బైజాంటియం పద్ధతి బంగారు మొజాయిక్ చిత్రాలు, నేలంతా పాలరాతి పొదుగుడు, పైన తేనెపట్టు గూళ్ల వంటి చెక్క కప్పు. ఆ కప్పు ముస్లిం పనివారి శైలి. దాని మీద కల్లు గిన్నెలు పట్టుకొన్నవారూ వాద్యగాళ్లూ అరబ్బీ అక్షరాలూ కనిపిస్తాయి. రోజర్ చేయించిన నీటి గడియారం తాలూకు శాసనం ఒకటి అక్కడ ఉన్నది. అది 1142 నాటిది. లాటిన్, గ్రీకు, అరబ్బీ భాషలు మూడింటిలోనూ చెక్కినది. మా స్థానిక గైడు దాని ముందు పది నిమిషాలు నిలబెట్టి, ఏ భాషవారికి ఏ మాట చెప్పారో విడివిడిగా వివరించారు. అదే రాజు కొలువులో అల్ ఇద్రీసీ అనే భూగోళ శాస్త్రవేత్త 1154లో ముగించిన ప్రపంచ పటంలో దక్షిణ దిక్కు పైన ఉంటుందనీ, ఆ పటం ప్రకారం యూరప్ ఖండమే అడుగున ఉంటుందనీ ఆమె చెప్పినప్పుడు మా బృందంలోని పదవీ విరమణ చేసిన సర్వేయరు గారు చాలాసేపు నవ్వుకున్నారు.

మొన్రెయాలె ప్రధాన చర్చిని మాత్రం నలభై నిమిషాలలో ముగించడం అన్యాయం. రెండవ విలియం కట్టించిన ఆ చర్చిలో ఆరు వేల చదరపు మీటర్లకు మించిన మొజాయిక్ పని ఉన్నది. బైబిలు కథ తెలియనివారికి కూడా బొమ్మల వరుసనుబట్టి కథ అర్థమవుతుంది. నోవా ఓడ కడుతున్న చోట రంపపు పని చేస్తున్న వడ్రంగులను చూపించి గైడు అప్పుడే మొదలుపెట్టారు. ఇంతలో మా యాత్రా నిర్వాహకుడు గడియారం చూపాడు. కారణం తరువాత తెలిసింది. మధ్యాహ్నం నగరం వెలుపల ఒక పెద్ద దుకాణ సముదాయానికి వెళ్లవలసి ఉన్నదట.

ఆ సాయంత్రమే నా మొదటి ఫిర్యాదు. కరపత్రంలో రెండవ రోజు సాయంత్రం కింద "సిసిలీ సంప్రదాయ బొమ్మలాట" అని స్పష్టంగా అచ్చువేసి ఉన్నది. దుకాణ సముదాయంలో ఆలస్యం కావడంతో దానిని రద్దు చేసినట్లు బస్సులో ప్రకటించారు. అడిగితే, పిల్లల ఆట కదా, పెద్దలకు విసుగు పుడుతుందని వదిలేశామన్నారు. తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు ఊరికి వస్తే తెల్లవారే దాకా చాప మీద నుంచి లేవని మా నాయన గుర్తుకు వచ్చి నాకు కోపం వచ్చింది. మరునాడు సాయంత్రం మేమిద్దరమూ, ఒంగోలు దంపతులూ కలిసి హోటలు వారిని అడిగి, పాత నగరపు సందుల్లోని చిన్న బొమ్మలాటశాలకు సొంత ఖర్చుతో వెళ్లాము.

ఆ ఆటను అక్కడ ఒపెరా దెయి పూపీ అంటారు. పూపీ అంటే బొమ్మలు. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో రూపుదిద్దుకొన్న ఈ కళను యునెస్కో 2001లో మానవజాతి వారసత్వ కళాఖండాలలో ఒకటిగా ప్రకటించింది. మన కేరళ కూడియాట్టాన్ని కూడా ఆ సంవత్సరమే ప్రకటించారు. బొమ్మలు చెక్కవి. ఒంటి మీద నిజమైన రేకు కవచం, తలకు శిరస్త్రాణం, చేతిలో కత్తి, డాలు. దారాలతో కాదు, ఇనుప కమ్మీలతో ఆడిస్తారు. ఒకటి తలలోంచి పోతుంది, ఒకటి కుడిచేతికి పోతుంది. పలెర్మో బొమ్మ మీటరుకు కొంచెం తక్కువ ఎత్తు, మోకాళ్లు మడుస్తుంది, ఒరలోంచి కత్తిని తానే దూస్తుంది. కతానియా బొమ్మ అంతకంటె పొడవు, కాళ్లు బిగుసుకొని ఉంటాయి, బరువు ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. ఒకే ద్వీపంలో రెండు ఊళ్లవాళ్లు బొమ్మ మోకాలి విషయంలో రెండు సంప్రదాయాలుగా చీలిపోవడం నాకు మన పచ్చళ్ల తగవులను గుర్తుచేసింది.

కథ ఫ్రాంకుల చక్రవర్తి షార్లెమేన్ వీరులది. ఓర్లాందో, రినాల్దో అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరూ ఆంజేలికా అనే రాకుమారి కోసం కత్తులు దూస్తారు. మేము చూసిన గంటలో రెండు ప్రేమలు, ఒక మాయావి, ఒక డ్రాగన్, ఐదు యుద్ధాలు గడిచాయి. యుద్ధం ముదిరినప్పుడు తెర పక్కనున్న ఆటగాడు కాలితో నేల చెక్కను దడదడలాడించాడు. మన తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధమప్పుడు కాలికింది చెక్కలతో చేసే మోతకు దీనికి తేడా లేదు. తెగిన తలలు ఎగిరిపడ్డాయి. ఒక బొమ్మ నిలువునా రెండు ముక్కలైంది. ఇటాలియన్ భాషలో ఒక్క ముక్క తెలియకపోయినా మా నలుగురికీ ఎక్కడా కథ తప్పిపోలేదు. మన కేతిగాడి వంటి హాస్యగాడు కతానియా ఆటలో కూడా ఉంటాడనీ, అతని పేరు పెప్పినీనో అనీ, వీరులందరూ గ్రంథభాష మాట్లాడితే అతను ఒక్కడే ఊరి మాట మాట్లాడతాడనీ గైడు తరువాత చెప్పారు.

ఆట అయ్యాక తెర వెనుకకు రానిచ్చారు. గోడ పొడవునా వేలాడుతున్న బొమ్మల్లో ఒకదానిని ఎత్తి చూశాను. ఒంటిచేత్తో నిమిషం కూడా పట్టలేకపోయాను. ఆ ఇంటి పెద్దాయన వేళ్ల కణుపులు మా ఉప్పు కయ్యల్లో (మడుల్లో) ఉప్పు లాగేవాళ్ల కణుపుల్లాగే ఉన్నాయి. బొమ్మలు చెక్కేదీ, రేకు సాగగొట్టేదీ, తెరలు రాసేదీ, గొంతు మార్చి చెప్పేదీ ఒకే కుటుంబం. ఇటువంటి చోటికి తీసుకువెళ్తామని డబ్బు తీసుకొని తీసుకువెళ్లకపోవడం నిజంగా పెద్ద లోపం. ఇంకొక్క మాట. ఈ ఆటలో శత్రువులందరూ అరబ్బు సైనికులు. అదే ఊరి రాజు తన గుడి కప్పును అరబ్బు శైలిలో వేయించుకొన్నాడు. రెండూ ఒకే రోజు చూపించి ఉంటే బృందంలో మంచి చర్చ నడిచేది.

మార్చి 19 నాడు పలెర్మో నుంచి త్రాపానీకి వెళ్లే దారిలో సలేమి అనే కొండ ఊరిలో ఆగాము. ఇది కరపత్రంలో లేదు. ఆ రోజు పునీత యోసేపు పండుగ గనుక ఆగి తీరవలసిందేనని గైడు పట్టుబట్టారు. నిర్వాహకుడు ఒప్పుకొన్నాడు. ఈ ఒక్క నిర్ణయానికి అతనికి నా పూర్తి మార్కులు.

సలేమిలో ఆ పండుగకు రొట్టెలతో పీఠాలు కడతారు. చెక్క చట్రానికి మిర్టిల్ కొమ్మలూ ఆకులూ చుట్టి, నారింజలూ నిమ్మకాయలూ వేలాడదీసి, వాటి మధ్య వందల సంఖ్యలో చిన్న రొట్టెలు అమరుస్తారు. ఆ రొట్టెలను రొట్టెలనడానికి మనసొప్పదు. నెమళ్లు, చేపలు, గులాబీలు, ద్రాక్ష గుత్తులు, సూర్యచంద్రులు, వడ్రంగి యోసేపు వాడిన సుత్తి, పట్టకారు, నిచ్చెన. అన్నీ గోధుమ పిండే. దువ్వెన పళ్లు, చిన్న కత్తి మొన వంటి వాటితో ముద్దలో గీతలు వేసి, పైన గుడ్డు సొన పూసి కాలుస్తారు. అందుకే ఇత్తడిలా మెరుస్తాయి. చేసేవాళ్లందరూ ఇరుగుపొరుగు ఆడవాళ్లే. మొక్కు ఉన్న ఇల్లు పీఠం పెడుతుంది, వీధి అంతా వచ్చి పిండి పిసుకుతుంది. పూర్వం బీద పిల్లలను ముగ్గురిని పిలిచి యేసు, మరియ, యోసేపులుగా కూర్చోబెట్టి వడ్డించేవారు. ఇప్పటికీ ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. ఉపవాస కాలం గనుక మాంసం లేకుండా నూట ఒక్క వంటకాలు వరుసగా రుచి చూపించడం ఆచారం. ఆ వరుసలో వేయించిన రొట్టెపొడి చల్లిన పాస్తా ఒకటి వస్తుంది. ఆ పొడి యోసేపు కొట్టంలోని రంపపు పొట్టుకు గుర్తు అంటారు.

మా బృందంలో ఎవరికీ ఈ పండుగను విడమరచి చెప్పవలసిన అవసరం కలగలేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగను చూడనివారు మాలో లేరు. అక్కడ చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని పేరు పెట్టి నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకొంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడాది రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. కావలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సలేమి పీఠం ముందు చెంగు తలమీదికి కప్పుకొని దణ్ణం పెట్టుకొని, పీఠం పెట్టిన ఇంటావిడ ఇచ్చిన పువ్వు రొట్టెను రుమాలులో కట్టుకొన్నారు. ఏ కోరికో మేము అడగలేదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గైడు కూడా అనువదించడానికి ముందుకు రాకుండా ఊరుకోవడం ఆమె మర్యాద.

త్రాపానీ ఉప్పు మడుల దగ్గర మరునాడు ఉదయం నా సహనం పరీక్షకు నిలిచింది. బస్సును రోడ్డు పక్కన ఆపి, "ఫొటోలకు పది నిమిషాలు" అన్నారు. నేను దిగి, ఉప్పు సంగ్రహాలయం తలుపు తీసే దాకా బస్సు ఎక్కనని చెప్పాను. ఒంగోలు దంపతులు నా పక్కన నిలబడ్డారు. చివరికి గంటన్నర దొరికింది. ఇది నేను గొప్పగా చెప్పుకొనే పని కాదు గాని, యాత్రకు కరపత్రం ముఖచిత్రంగా వేసిన స్థలానికి పది నిమిషాలు కేటాయించడం ఏ లెక్కకూ అందదు.

త్రాపానీ, పచేకో ఉప్పు మడులు సుమారు వెయ్యి హెక్టార్లు. 1995 నుంచి రక్షిత ప్రాంతం. ఫినీషియన్ల కాలం నుంచీ ఇక్కడ ఉప్పు పండుతున్నదని నమ్మకం. పైన చెప్పిన అల్ ఇద్రీసీ తన గ్రంథంలో త్రాపానీ ఉప్పును ప్రస్తావించాడు. పద్ధతి మనదే. సముద్రపు నీటిని మొదట పెద్ద మడిలోకి తీసుకొని, ఒకదాని నుంచి ఇంకొకదానికి దించుతూ, ఎండకూ గాలికీ చిక్కబరచి, ఉప్పునీటి చిక్కదనం బోమే కొలతలో ఇరవై ఐదు డిగ్రీలకు వచ్చిన దగ్గర ఉప్పు కట్టనిస్తారు. చిక్కబడే మడుల్లో నీరు గులాబీ రంగుకు తిరగడం మా వైపు కూడా చూస్తాము. తేడా ఋతువులో ఉన్నది. మా వైపు ఈశాన్య ఋతుపవనం వెళ్లిపోయాక మొదలుపెట్టి, మార్చి నాటికి పని ఊపందుకొంటుంది. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా ఉంటుంది. అందువల్ల మార్చిలో మడులన్నీ నీళ్లతో నిండి నిద్రపోతున్నాయి. కోత జూలై నుంచి సెప్టెంబరు వరకు. ఉప్పు తీసే పని చూడదలచినవారు మార్చి యాత్రకు డబ్బు కట్టకూడదు. ఈ సంగతి సంస్థవారు ముందే చెప్పవలసింది.

కోత లేకపోయినా చూడవలసినది చాలా ఉన్నది. మడుల గట్ల మీద గాలిమరలు ఉన్నాయి. కొన్ని ఉప్పు విసరడానికి, కొన్ని నీరు తోడడానికి. నీరు తోడేవాటిలో మర తిరిగితే చెక్క గొట్టంలోని మరచుట్టు తిరిగి నీటిని పైమడిలోకి ఎక్కిస్తుంది. ఆ మరచుట్టుకు ఆర్కిమెడీస్ పేరు ఉన్నది. ఆయన ఊరు ఇదే ద్వీపంలోని సిరకూసా. మా తాతల కాలంలో ఏతంతోనూ గూడతోనూ తోడిన నీటిని, ఇప్పుడు మేము ఆయిల్ ఇంజనుతో తోడుతున్నాము. మధ్యలో గాలిని ఎందుకు వాడుకోలేదా అని అక్కడ నిలబడి ఆలోచించాను. మా తీరంలో గాలికి కొరత లేదు.

పోయిన ఏటి ఉప్పు కుప్పలను పొడవాటి దిబ్బలుగా పోసి, పైన ఎర్ర మట్టి పెంకులు పేర్చారు. ఇంటి కప్పు నేల మీద కూర్చున్నట్లు ఉంటుంది. మేము తాటాకులు కప్పుతాము. తాటాకు రెండేళ్లకు కుళ్లిపోతుంది, పెంకు తరతరాలు ఉంటుంది. కాని పెంకులు పేర్చడానికీ తీయడానికీ కూలి ఎంతవుతుందని అడిగితే, సంగ్రహాలయం వారు నవ్వి, ఇప్పుడు అందరూ పెంకులు వాడటం లేదని ఒప్పుకొన్నారు. పాత ఉప్పు ఇంట్లో ఏర్పాటుచేసిన ఆ సంగ్రహాలయంలో చెక్క పారలు, గంపలు, మరల పళ్లచక్రాలు తాకి చూడనిచ్చారు. దుకాణంలో కిలో సంచిని నాలుగు యూరోలకు కొన్నాను. మా కయ్య దగ్గర కిలోకు మూడు రూపాయలు వస్తే ఆ ఏడాది బాగున్నదని అనుకొంటాము.

త్రాపానీలోనే తిన్న చేపల కుస్కుసు గురించి నాలుగు మాటలు. గోధుమ రవ్వ మీద నీళ్లు చిలకరిస్తూ అరచేతులతో సన్నని పలుకులుగా చేసి, చిల్లుల మట్టి కుండలో ఆవిరికి ఉడికించి, చేపల రసం పోస్తారు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన వంట అది. ఇందులో టమాటా, వెల్లుల్లి, బాదం ఉంటాయి. చింతపండూ మామిడికాయా లేకుండా చేపల రసం నెల్లూరు నాలుకకు మొదట వెలితిగా తోచినా, రెండవ గరిటెకు అలవాటైంది. ఈ ఒక్క పూట తప్ప మిగిలిన రాత్రులన్నీ సంస్థవారు చెన్నై నుంచి తెచ్చిన సాంబారు పొట్లాలు వేడిచేసి పెట్టారు. చేపలకూ వంకాయకూ పేరుపడ్డ ద్వీపానికి పొట్లాల సాంబారు మోసుకుపోవడం, పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్లు ఉన్నది. శాకాహారులకు కూడా అక్కడ కొదవ లేదు. వంకాయ, టమాటా, ఆలివ్ కాయలతో తీపిపులుపుగా చేసే కపొనాతాను నా భార్య ఇప్పుడు ఇంట్లో చేస్తున్నది.

త్రాపానీ తీరానికి ఎదురుగా ఉన్న ఫవిఞానా దీవికి పడవలో వెళ్లడం అదనపు ఖర్చు మీద ఉంచారు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవ నడవలేదు. డబ్బు మాత్రం వెంటనే తిరిగి ఇచ్చారు. ఆ దీవిలో తూర చేపలను వలల గదుల్లోకి తరిమి పట్టే మత్తాన్సా అనే సామూహిక వేట శతాబ్దాలపాటు జరిగి, 2007తో ఆగిపోయింది. వేటకు పెద్దను రాయిస్ అంటారు. అరబ్బీ మాట అది. మన పట్టపుపాలేల్లో (జాలరి పల్లెల్లో) పెద్దకాపు మాట ఎలా చెల్లుతుందో నీటి మీద అతని మాట అలా చెల్లేది. వలలు లాగేటప్పుడు అందరూ కలిసి పాడే "అయామోలా, అయామోలా" అనే పల్లవిని గైడు బస్సులో పాడి వినిపించారు. వెనుక సీట్లో నుంచి ఎవరో "ఐలేసా" అని అందుకొన్నారు.

అగ్రిజెంతోలోని దేవాలయాల లోయను సంస్థవారు చాలా బాగా చూపించారు. క్రీస్తుపూర్వం 580 ప్రాంతంలో గ్రీకులు స్థాపించిన అక్రగాస్ నగరపు గుడులవి. కొంకోర్దియా గుడి క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దపు రెండవ సగంలో కట్టినది. ముప్ఫైనాలుగు స్తంభాలూ నిలిచే ఉన్నాయి. అది నిలవడానికి కారణం దానిని ఆరవ శతాబ్దం చివర చర్చిగా మార్చుకోవడం. స్తంభాల మధ్య గోడలు కట్టి, లోపలి గోడల్లో తోరణాలు తొలిచారు. పక్కనున్నవి చాలావరకు కూలిపోయాయి. సాయంత్రపు వెలుగులో ఆ రాయి ముదురు తేనె రంగుకు వస్తుందని మమ్మల్ని సరిగ్గా ఆ వేళకే తీసుకువెళ్లారు. మన ఉదయగిరి దుర్గం మీద గుడులూ మసీదులూ కంపచెట్ల మధ్య పడి ఉండడం తలచుకొని నేను కొంచెం బాధపడ్డాను. 1514లో కృష్ణదేవరాయలు గెలిచి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తీసుకుపోయిన దుర్గం అది. కింద ఊళ్లో చెక్క గరిటెలు చెక్కే పనివాళ్లు ఇంకా ఉన్నారు గనుక పని బతికింది, కోట బతకలేదు.

పియాత్సా అర్మెరీనా దగ్గర నాలుగవ శతాబ్దపు రోమన్ భవనంలో మూడు వేల చదరపు మీటర్లకు పైబడిన మొజాయిక్ నేలలను ఎత్తైన నడవల మీద నుంచి చూస్తాము. అరవై మీటర్ల పొడవున్న వేట నడవలో ఏనుగును పట్టి ఓడ ఎక్కించే దృశ్యం ముందు మా వాళ్లందరూ ఆగిపోయారు. కల్తాజిరోనెలో 142 మెట్ల దారి, ప్రతి మెట్టు నిలువు ముఖానికి వేరు వేరు రంగుల పింగాణీ పలకలు. మోకాళ్ల నొప్పులవారు కింది నుంచే చూసి తృప్తిపడ్డారు. కుమ్మరి కొట్టాలలోకి వెళ్లడానికి సమయం ఇవ్వలేదు. పాత ఫిర్యాదే.

సిరకూసా ప్రధాన చర్చి కోసం మాత్రం నేను మళ్లీ డబ్బు కట్టడానికి సిద్ధం. క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దపు అథీనా దేవి గుడి స్తంభాలు ఆ చర్చి గోడలోనే ఉన్నాయి. బయట వీధిలో నడిచేవాడి భుజానికి అవి తగులుతాయి, లోపల మోకరిల్లినవారికి పక్కన కనిపిస్తాయి. గుడి నుంచి చర్చిగా మారినది ఏడవ శతాబ్దంలో. 1693 జనవరి 11న వచ్చిన భూకంపం తరువాత ముందుభాగాన్ని మళ్లీ కట్టారు. ఆ భూకంపంలోనే నేలమట్టమైన నోతో పట్టణాన్ని వేరే చోట కొత్తగా నిర్మించారు. దానిని మేము అర్ధపూటలో చూశాము, అంత సమయం చాలు. చర్చిలో అప్పుడు పూజ జరుగుతున్నది. దాదాపు రెండు వేల ఐదు వందల సంవత్సరాలుగా ఒకే చోట ఎవరో ఒకరు దీపం పెడుతూనే ఉన్నారు. సిరకూసాలోని గ్రీకు నాటకశాలలో 1914 నుంచి ప్రాచీన గ్రీకు నాటకాలు ఆడుతున్నారు. అవి వేసవి ఆరంభంలో. మార్చిలో మాకు రాతి మెట్లే దక్కాయి.

ఎత్నా అగ్నిపర్వతం మీద మంచు, పొగ, చలి ఉన్నాయి. వెచ్చని కోట్లను సంస్థవారే అద్దెకు ఇప్పించారు. ఏర్పాటు బాగున్నది, అంతకంటె రాయడానికి లేదు.

నిర్వాహకుడి ఓర్పు, వీసా కాగితాల విషయంలో సంస్థ చూపిన శ్రద్ధ, హోటళ్ల శుభ్రత మెచ్చుకోదగినవి. చెవికి పెట్టుకొనే వినికిడి పరికరాలు సగం మందికి సరిగా పనిచేయలేదు. గైడు ఇంగ్లీషులో చెప్పిన నాలుగు వాక్యాలను నిర్వాహకుడు తెలుగులో ఒకటిగా కుదించేవాడు. ఒంగోలు నుంచి వచ్చిన ఉపాధ్యాయురాలు ఆ బాధ్యత తీసుకొన్నాక అందరికీ మేలు జరిగింది. సంస్థవారు ఆమెకు రుసుములో కొంత తగ్గించి ఉండవలసింది. బొమ్మలాట టికెట్ల డబ్బు తిరిగి ఇమ్మని తిరిగివచ్చిన వారంలో ఉత్తరం రాశాను. మూడు వారాల తరువాత ఇచ్చారు, వచ్చే ఏటి కరపత్రంలో దుకాణ సముదాయం తీసివేస్తామని కూడా రాశారు. తీసివేస్తే, బొమ్మలాటకు ఒక రాత్రి, ఉప్పు మడులకు ఒక పూట, కుమ్మరి కొట్టాలకు ఒక పూట ఉంచితే, ఈ ధరకు ఈ యాత్ర చేయదగినదే. డబ్బు కట్టేవారు మాత్రం తేదీలలో మార్చి 19 ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి.

తెచ్చిన కిలో ఉప్పును మా అమ్మకు ఇచ్చాను. మే నెలలో ఆవకాయ పెట్టేటప్పుడు ఒక చిన్న జాడీలో ఆ ఉప్పు, మిగిలిన జాడీల్లో మన ఉప్పు వేసింది. మూడవ రోజు రెండూ కలిపి రుచి చూసి, "ఉప్పు బాగానే ఉండాది నాయనా, చేదు లేదు. నాలుగు యూరోలంటే మన డబ్బులు ఎంత?" అని అడిగింది. చెప్పాను. ఆ జాడీని వేరుగా అటక మీద పెట్టించింది, వచ్చినవాళ్లకు చూపించడానికి.